ఉప్పెక్కిన ముప్పై సెంట్లు

సూర్యకళ చేపలమ్మే పద్ధతి ఒకటుంది, ముందు అది చెప్పాలి. కొనేవాళ్లు అడక్కుండానే చేప మొప్ప ఎత్తి చూపించేస్తుంది. ఎర్రగా ఉంటే సరే. కాస్త రంగు తిరిగిందనుకోండి, "ఇది నిన్నటిదమ్మా, పులుసుకి పనికొత్తాది, వేపుడికి వద్దు" అని తనే చెప్పేస్తుంది. ఇలాగైతే వ్యాపారం సాగినట్టేనని ఆవిడ వదిన పోతమ్మ ఎన్నిసార్లు నెత్తి బాదుకుందో లెక్కలేదు. సాగింది మరి. మధురవాడ అపార్ట్‌మెంట్లలో ఇరవై ఏళ్లుగా ఆవిడ తట్ట దిగందే కొందరి పొయ్యి మీద పులుసు కూర ఎక్కదు.

పుట్టింది మంగమారిపేట, మెట్టింది కూడా మంగమారిపేటే. నాలుగు వీధుల అవతలి ఎల్లాజీని చేసుకుంది. అతను మరబోటు మీద వేటకి వెళ్తాడు, ఈవిడ తెచ్చిన చేప అమ్ముతుంది. వయసు నలభై నాలుగు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. ఇంతవరకూ చెప్పుకోవడానికి వింతేమీ లేదు, సముద్రం ఒడ్డున ఇలాంటి కాపురాలు చాలా ఉన్నాయి. వింతంతా వేట లేని రెండు నెలల్లోంచి వచ్చింది.

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, వాటి మానాన వాటిని వదిలేయాలి. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ బోటు ఒడ్డున కట్టేసి ఉంటే ఇంట్లో మగవాడు ఎలా ఉంటాడో ఆ ఇళ్ల ఆడవాళ్లనడగండి. ఎల్లాజీ పొద్దున్నే వల ముందేసుకుని కూర్చుంటాడు. పదింటికల్లా ముక్కు మీదికి కోపం వచ్చేస్తుంది. మధ్యాహ్నం పేకాట. సూర్యకళ సంగతి ఇంకా కష్టం, ఆవిడకి కాలు ఒకచోట నిలవదు. ఊరికే కూర్చుంటే ఒళ్లు నొప్పులొస్తాయనే మనిషి.

నాలుగేళ్ల కిందటి నిషేధంలో అలా తోచక తిరుగుతుంటే ఆవిడ కంట ఒక ఖాళీ స్థలం పడింది. కొమ్మాది దాటి కొండ వైపు తిరిగితే, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ముప్పై సెంట్లు. ప్లాస్టిక్ సంచులు, ఇటుక ముక్కలు, ముళ్ల తుప్పలు. గాలి వీస్తే దుమ్ము లేచి బాల్కనీల్లో ఆరేసిన బట్టలన్నిటి మీదా పడేది. ఆ స్థలం నరసింహమూర్తి గారిది. గోదావరి వైపు పల్లెటూరి నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరై, సీతమ్మధారలో ఉంటున్నాడు. ఆయన కొన్న రోజుల్లో అటు నక్కలు తిరిగేవట. నెలకోసారి, మొదటి ఆదివారం, సరిహద్దు రాళ్లు ఎవరూ జరపలేదు కదా అని చూసుకోవడానికి వచ్చేవాడు. అలా వచ్చినప్పుడు సూర్యకళ ఎదురెళ్లి అడిగేసింది.

"బాబూ, ఈ సెత్తంతా తీసీసి నాలుగు ఆకుకూరలు ఏసుకుంటాను. నేల ఊరికే పడుంది కదా."

"నువ్వు చేపలమ్మేదానివి కదమ్మా. వ్యవసాయం నీకేం తెలుసు?"

"తెలీదు బాబూ. నేర్సుకుంటాను."

ఆ జవాబుకి ఆయనకి నవ్వొచ్చింది. నవ్వి, కాసేపు ఆలోచించి, ఒక షరతు పెట్టాడు. "చూడమ్మా, ఈ దుమ్ము గురించి ఇక్కడివాళ్లంతా నా మీద మునిసిపాలిటీకి చెప్పేశారు. మా అబ్బాయి జయంతేమో ఆఫీసు వ్యానులు నిలుపుకోవడానికి ఇచ్చేద్దామని రోజూ పోరుతున్నాడు. నువ్వు దీన్ని పచ్చగా ఉంచినన్నాళ్లూ నీ చేతిలో ఉంటుంది. ఎండిపోయి మళ్లీ దుమ్ము లేచిన రోజున మావాడికి ఇచ్చేస్తాను. అప్పుడు నన్నేమీ అనకూడదు."

సరేనంది. మే నెల విశాఖపట్నంలో నేలని పచ్చగా ఉంచడమంటే మాటలా? ఆ సంగతి అప్పటికావిడకి తెలియదు, అందుకే సరేనంది.

మొదటి నెల ఆవిడ చేసిన వ్యవసాయం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. నేలంతా నున్నగా చెక్కి, తోటకూర చల్లి, పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోసింది. మొలకలు లేచాయి, మూడు రోజుల్లో మాడిపోయాయి. రైతుబజారులో ఆకుకూరలమ్మే చిట్టమ్మ దగ్గరికెళ్లి మొర పెట్టుకుంది. చిట్టమ్మది ఆనందపురం వైపు పల్లె, అరవై దాటిన మనిషి, ఎరువు బస్తా ముట్టకుండా సేద్యం చేస్తుంది. వచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒలే, ఎండలో ఎల్లినపుడు నువ్వు నెత్తి మీద కొంగు ఏసుకోవేటి? మరి నేలకి ఏటి కప్పినావు?"

అక్కడి నుంచి మొదలైంది చదువు. నేల మీద ఎండ నేరుగా పడకూడదు. ఎప్పుడూ ఏదో ఒక ఆకో గడ్డో కప్పుకుని ఉండాలి. అపార్ట్‌మెంట్లలో ఊడ్చేవాళ్లు తగలబెట్టే ఎండుటాకులన్నీ సూర్యకళ చేపల తట్టలోకి చేరాయి. ఒకే కూర చల్లితే ఎండకి ఒకేసారి పోతుంది, పది రకాలు కలిపి చల్లితే ఏదో ఒకటి నిలబడుతుంది. అలసంద, పెసర, సజ్జ, నువ్వు, గోంగూర, తోటకూర, ధనియాలు అన్నీ కలగలిపి చల్లింది. వాన పడితే నీరు రోడ్డు మీదికి పారిపోకుండా వాలుకి అడ్డంగా చిన్న చిన్న కాలవలు తీసింది. స్థలంలో ఉన్న బోరు మేలో పావుగంట కంటే పోయదు. దానికి సూర్యకళే ఒక ఉపాయం కనిపెట్టింది. ఎండ ఎంత మండితే పై అంతస్తుల్లో ఏసీలు అంత తిరుగుతాయి, ఎంత తిరిగితే అంత నీళ్లు కారుస్తాయి. వాచ్‌మన్లతో మాట్లాడి ఆ గొట్టాలన్నీ డ్రమ్ముల్లోకి పెట్టించింది. రోజూ పొద్దున్నే బిందెలతో మోసుకునేది.

ఒక్క విషయంలో మాత్రం శిష్యురాలు గురువుని మించిపోయింది. చేపల పేగులు, మొప్పలు బెల్లంతో కలిపి కుండలో మూతకట్టి మూడు వారాలు ఉంచితే మొక్కలకి మంచి బలం మందు అవుతుంది. చిట్టమ్మ దాన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చేసేది. సూర్యకళకి ఆ వాసన వాసనే కాదు. మూత తీసి చూసి, బెల్లపు వాసన తిరిగి మందు ఎప్పుడు సిద్ధమైందో చెప్పేసేది. ఆ మందు పోసిన గోంగూర ఆకు అరచేతికంటే పెద్దదయ్యేది. నరసింహమూర్తి గారు వచ్చిన ప్రతిసారీ రెండు కట్టలు పట్టుకెళ్లేవాడు. మూడు వేసవులు అలా పచ్చగా గడిచాయి. నేల నల్లబడింది, వేలితో గుచ్చితే దిగిపోయేది. ఎల్లాజీ ఎగతాళి చేస్తూనే ఆ కూరే తినేవాడు.

ఇక నాలుగో వేసవి. తప్పంతా అక్కడ జరిగింది.

ఆ ఏడు వేట ఆగేముందు చేప సరిగ్గా పడలేదు. పడ్డదంతా అమ్ముడైపోయింది, కుండలో వేయడానికి పేగులు మిగల్లేదు. మే మొదటి రోజుల్లోనే ఎండ పెట్రేగిపోయింది. మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేస్తున్నాయి, వాటికి కాస్త బలం పెట్టకపోతే నిలవవని సూర్యకళకి అనిపించింది. పోతమ్మ ఎండు చేపలు చేస్తుంది. ఆవిడ గాబులో చేపలు నానేసిన నీళ్లు, అడుగున తలలు, తోకలు, ముక్కలు ఎంతో ఉన్నాయి. "పారబోత్తన్నాను, గావాలంటే పట్టుకుపో" అంది పోతమ్మ. పారబోసేదేమిటి, బంగారంలాంటి చేప. సూర్యకళ బెల్లం కలిపి కుండలు నింపేసింది. తొందర కొద్దీ మూడు వారాలు కూడా ఆగలేదు, వారానికే తీసి, ఎండ ఎక్కువుందని మామూలుకంటే చిక్కగా, ముప్పై సెంట్లకీ మూడు విడతలుగా పోసేసింది.

నాలుగో రోజుకి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో రెండు కుండలు పోసింది. వారం తిరిగేసరికి గోంగూర, తోటకూర, అలసంద తీగ, అన్నీ నిలువునా మాడి పడిపోయాయి. కప్పిన ఆకుల కింద నేల మీద తెల్లటి పొర కట్టింది. చిట్టమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ ఆటోలో వచ్చి దిగింది. వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పు" అంది. "ఏటి పోసినావు?"

"ఉప్పేటి పిన్నీ, నాను ఉప్పు పోసేనా?" అంటూ సూర్యకళ కూడా చిటికెడు నోట్లో వేసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆవిడకి మట్టి మట్టిలాగే ఉంది. "నాకేటీ తెలీడం నేదు."

"నీకెలగ తెలుస్తాది? పుట్టిన కాడ్నించి మీ గాలిలో ఉప్పే, కూట్లో ఉప్పే. నీ నాలికకి అది లెక్కకి రాదు. సెప్పు, ఏ సేప ఏసినావు కుండలో?"

అప్పుడు తెలిసింది. పోతమ్మ గాబు, ఎండబెట్టే ముందు చేపల్ని ఉప్పులో నానేసే గాబు. సముద్రపు ఒడ్డున పుట్టిన ఆడది, ఉప్పు చేపకీ పచ్చి చేపకీ కళ్లు మూసుకుని తేడా చెప్పగల మనిషి, ఆ నీళ్లలో ఎంత ఉప్పుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆవిడ దృష్టిలో అది చేప, అంతే. సూర్యకళకి సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది. మూడేళ్లు తట్టలతో ఆకులు మోసి, బిందెలతో నీళ్లు మోసి తయారు చేసుకున్న నేలకి తన చేత్తోనే ముప్పు తెచ్చిపెట్టింది. వచ్చే నెల మొదటి ఆదివారం నరసింహమూర్తి గారు వస్తారు, అప్పటికి ఇక్కడ పచ్చటిదేదీ ఉండదు, స్థలం వ్యానులకి వెళ్లిపోతుంది. ఆ మట్టి గట్టు మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం ఎల్లాజీ వచ్చి చూసి, తల గోక్కుని, తనకి తోచిన ఉపాయం చెప్పాడు. "ఇంట్లో పాత పచ్చ వల ఉంది గదేటే. కప్పీసీమంటావా? కారులోంచి సూత్తే పచ్చగానే ఉంటాది."

సూర్యకళ అతని వైపు చూసిన చూపుకి ఎల్లాజీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

"బాగు సెయ్యొచ్చు" అంది చిట్టమ్మ. "పైన తెల్లగా ఉన్న మట్టి గీకి అవతల పారెయ్. మిగతా ఉప్పు లోపలికి దిగిపోవాల. మంచినీళ్లు బాగా పడాల. ఆ మీద జీలుగ సల్లు. దానికి ఉప్పంటే బెదురు నేదు. మోకాళ్ల దాటి ఎదుగుతాది, పూతకి రాకముందే కోసి తొక్కీ. కుళ్లి నేలలో కలిసిందంటే సగం రోగం పోద్ది. కానీ ఒలే, ఈ ఏడు కూర మాట మర్చిపో."

విత్తనాలు చిట్టమ్మే తెచ్చింది. బంకమట్టి, బూడిద, పేడ కలిపి, ఆ గింజలకి పట్టించి గుళికలు చేశారు. అలా చేస్తే ఎండు నేలలో కూడా చీమలు ఎత్తుకుపోకుండా, వాన కోసం కాచుకుని ఉంటాయి. నీళ్ల దగ్గరే చిక్కొచ్చింది. ఏసీల నీళ్లు ఎన్ని మోసినా రెండు మళ్లు తడిశాయి, అంతే. మిగిలినదానికి వాన రావాలి. సూర్యకళ ఫోనులో చూసింది, పది రోజుల దాకా చినుకు లేదని చెప్పింది ఫోను.

ఎల్లాజీ ఫోను చూడలేదు. రెండు రోజులు పొద్దున్నే ఒడ్డుకెళ్లి నిలబడ్డాడు, మధ్యాహ్నం కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. వేటలేని రోజుల్లో అతను చేసిన మొదటి పనికొచ్చే పని ఇదేనని పోతమ్మ అంది. మూడో రోజు వచ్చి చెప్పాడు.

"సముద్రం గాలి మధ్యాన్నానికే పడిపోతంది. కొండ మీద మబ్బు కడతంది, ఇరిగిపోతంది. ఎల్లుండి ఇరగదు. గింజలు సల్లీ."

"ఫోను నేదంటంది మావా."

"ఫోను ఎపుడైనా బోటెక్కిందేటి?"

చల్లేసింది. మిగిలిన ఎండుటాకులు పైన పల్చగా పరిచింది. ఎల్లుండి రానే వచ్చింది, మబ్బు కట్టింది, మబ్బు విడిపోయింది. ఎల్లాజీ అన్నం తినకుండా వాకిట్లో కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి కొండ మీద నల్లగా కమ్మి, గంటన్నర సేపు దబదబా కురిసింది. కాలవలన్నీ నిండాయి. సూర్యకళ ఆ వానలోనే నిలబడి ఒక్కో గట్టు తెంపి నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లించింది. ఒక్క రోజు తప్పినా తన మాటే నెగ్గిందని ఎల్లాజీ పేటంతా చెప్పుకుని తిరిగాడు. నాలుగు రోజులాగి మరో వాన పడింది.

జూన్ మొదటి ఆదివారం నాటికి జీలుగ జానెడు లేచింది. ముప్పై సెంట్లూ ఈ చివర్నుంచి ఆ చివరికి లేత పచ్చ. కారు ఆగి నరసింహమూర్తి గారు దిగాడు, వెనకాలే జయంత్ దిగాడు. జయంత్ చేతిలో కొలత టేపు ఉంది. టేపు చూడగానే ఎల్లాజీ భార్య వెనక చేరి, "నువ్వేటీ మాటాడకు" అని గొణిగాడు.

పెద్దాయన గట్టెక్కి, కళ్లజోడు సవరించుకుని ఆగిపోయాడు. "ఇది జీలుగ కదూ? మా ఊళ్లో ఊడ్పులకి ముందు చల్లేవాళ్లు. ఎన్నాళ్లయింది చూసి."

"తినేదేనా నాన్నా?" అన్నాడు జయంత్.

"మనం కాదురా, నేల తినేది."

షరతు ప్రకారం అంతా పచ్చగానే ఉంది. పాత పంట అయిపోయింది, కొత్తది వేశానంటే సరిపోయేది, ఎవరూ కాదనరు. ఎల్లాజీ వెనక నుంచి జాకెట్టు లాగుతూనే ఉన్నాడు. సూర్యకళ మొత్తం చెప్పేసింది. గాబు, కుండలు, తెల్ల పొర, మాడిపోయిన గోంగూర, ఒక్కటీ దాచలేదు. "మీ నేల నాను పాడు సేసేను బాబూ" అని ముగించింది.

జయంత్ తండ్రి వైపు తిరిగాడు. "ఆవిడే చెప్తోంది కదా నాన్నా. ఇంకేం పండుతుంది ఇందులో? ఆ వ్యానుల వాళ్లు ఎన్నాళ్లని ఆగుతారు?"

నరసింహమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంట్లో ఈ గొడవ ఎన్నాళ్లుగా పడుతున్నాడో ఆయన మొహంలో కనిపించింది. "సూర్యకళా, పచ్చగా ఉంచమన్నాను, ఉంచావు. నీ వైపు మాట తప్పలేదు. కానీ నేను రోజూ వీడితో వాదించలేకపోతున్నానమ్మా. దసరా దాకా ఉంచుకో. ఈ జీలుగ పీకేసి, నాలుగు కోతలొచ్చే కూరేదో చల్లుకో, వచ్చింది నువ్వు తీసుకో. దసరాకి వీడికి ఇచ్చెయ్."

నాలుగు నెలలు. సూర్యకళ వేళ్ల మీద నెలలు లెక్కేసుకుంది. "పీకితే ఎలగ బాబూ. వచ్చే నెల తొక్కాల. అది కుళ్లడానికి ఇంకో నెల. తరవాత ఇంకో విడత నవధాన్యాలు సల్లి అవీ తొక్కాల. దసరా దాకా దీనికే సరిపోద్ది."

"మరి నీకేం మిగుల్తుంది?"

"ఏటీ మిగల్దు బాబూ."

"వ్యానులు నిలబెట్టే చోటికి ఇదంతా ఎందుకు ఆంటీ?" అన్నాడు జయంత్. వెటకారంగా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"నాను తీసుకున్నపుడు దీన్లో ఉప్పు నేదు బాబూ. నాను పోసేను. తీసీసి ఇత్తాను. ఆ మీదట వ్యానులు పెట్టుకుంటారో, ఇల్లే కట్టుకుంటారో, మీ ఇష్టం."

జయంత్ టేపు పట్టుకుని రెండు పక్కలు కొలిచాడు. మూడో పక్క కొలవకుండానే చుట్టేసి కారెక్కాడు.

ఎల్లాజీ రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. పోతమ్మయితే పేటలో అందరి ముందూ, నోట్లో నాలుక అదుపులో ఉంచుకోవడం చేతకాని దానికి నేలెందుకని దులిపేసింది. సూర్యకళ కూడా రాయి కాదు కదా. రోజూ పొద్దున్న వెళ్లి కలుపు తీస్తుంటే, ఈ గట్లు, ఈ కాలవలు, ఇవన్నీ ఇంకొన్నాళ్లే కదా అనుకునేసరికి చేతులు ఆడేవి కావు. అయినా వెళ్లేది. జూన్ పదిహేనున బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగాయి, తట్ట మళ్లీ నెత్తికెక్కింది. పొద్దున చేపలు, మధ్యాహ్నం జీలుగ. వానలు బాగా పట్టాయి, మొక్కలు నడుము దాటాయి.

జూలై మొదటి వారంలో జీలుగ మొగ్గ తొడిగే సూచన కనిపించగానే చిట్టమ్మకి కబురు పెట్టింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే జయంత్ ఫోన్ చేశాడు. "ఆంటీ, తొక్కడం ఎప్పుడని నాన్న అడగమన్నారు" అన్నాడు. రేపు పొద్దున్న అంటే, సరేనని పెట్టేశాడు. దసరా దాకా కూడా ఆగరు కాబోలు, రేపే వచ్చి స్థలం అడుగుతారు కాబోలు అనుకుని సూర్యకళ ఆ రోజంతా దిగులుగానే ఉంది.

తెల్లారి చిట్టమ్మ, ఎల్లాజీ, సూర్యకళ కొడవళ్లతో జీలుగ కోసి మళ్లలోనే పరుస్తుంటే కారు వచ్చింది. నరసింహమూర్తి గారు లుంగీలో దిగాడు. చెప్పులు కారులో విడిచేసి, ఎవరినీ అడగకుండా మడిలోకి వచ్చేశాడు. జయంత్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి గట్టు మీద కాసేపు తటపటాయించి, తనూ దిగాడు.

"చిన్నప్పుడు మా నాన్న నన్ను దిగనిచ్చేవాడు కాదు" అన్నాడు పెద్దాయన, ఎల్లాజీ భుజం పట్టుకుని తొక్కుతూ. "పుస్తకం వదిలావంటే కాళ్లు విరగ్గొడతాననేవాడు. ఇలాగేనా తొక్కేది?"

"ఇంకా గట్టిగా తొక్కండి బాబూ" అంది చిట్టమ్మ. "కాడ నలగాల."

అందరూ వరసగా నిలబడి తొక్కుతూ వెళ్లారు. తడి మట్టిలోంచి పచ్చి ఆకు వాసన లేస్తోంది. రెండు మళ్లయ్యాక సూర్యకళ ఇక ఉండబట్టలేక అడిగేసింది. "బాబూ, నాను దసరాకి ఇచ్చీత్తానన్నాను కదా. ముందే గావాలేటి?"

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. "నన్నడక్కమ్మా. ఆ వ్యానుల వాళ్లతో మాట్లాడేది వాడు."

జయంత్ తల ఎత్తలేదు, కాళ్ల వైపే చూస్తూ తొక్కుతున్నాడు. "వాళ్లని వేరే చోటు చూసుకోమన్నాను ఆంటీ. పోయిన వారమే చెప్పేశాను."

"మరి దసరాకి?"

"దసరాకి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. మీ దగ్గరే ఉండనివ్వండి." ఒక కాడని మడమతో నొక్కుతూ అన్నాడు. "మీరు ఇంత కష్టపడి బాగుచేసి నా చేతికిస్తే, దాని మీద వ్యాను ఎక్కించాలంటే నాకే మనసొప్పలేదు."

పంట మాడిన రోజున ఏడవలేదు సూర్యకళ. పేట మొత్తం ముందు వదిన తిట్టినప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు చీలమండల దాకా మట్టిలో దిగబడి నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చేసింది. ఎల్లాజీకి ఎటు చూడాలో తెలియక కొడవలి చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. నరసింహమూర్తి గారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. చిట్టమ్మ ఒక్కతే తొక్కడం ఆపలేదు.

"ఏడుపుదేటుంది, తరవాత ఏడుద్దువుగానిలే" అంది. "ఆ ఉత్తరం మూల ఇంకా తొక్కనేదు. వాన దిగేలోపు అయిపోవాల."

సూర్యకళ మొహం తుడుచుకుని ఆ మూలకి నడిచింది.